బొంగురుపోయిన ఆర్గన్ కోసం మేడ్చల్ దారిలో

తిరిగొచ్చి పది రోజులైంది. కుడి చెవిలో ఇంకా చిన్న రొద వినిపిస్తూనే ఉంది. డాక్టరుకు చూపించుకోమని మా ఆవిడ పోరుతోంది. చూపించుకోను. ఆయన నిజంగానే తగ్గించేస్తే?

మా కాకినాడ నుంచి హైదరాబాదు వెళ్లినవాళ్లు చార్మినారు చూస్తారు, బిర్యానీ తింటారు, ముత్యాలు కొంటారు. నేను నాలుగు రోజులు ఊరికి ఉత్తరాన మచ్చ బొల్లారం, మేడ్చల్, సూరారం, శామీర్‌పేటల మధ్య ఒక శబ్దం కోసం తిరిగాను. ముత్యాలు కొనలేదు. పెయింటు బకెట్టు ఒకటి కొన్నాను.

ముందు ఆ శబ్దం సంగతి. మా నాన్నగారు డెబ్భైలలో సికింద్రాబాదులో ఒక రాక్ బృందంలో ఆర్గన్ వాయించేవారు. ఆరేళ్ల వయసులో ఒకే ఒక్కసారి విన్నాను. నడుస్తున్న ధాన్యం మిల్లు లోపల కూర్చుని ఎవరో దేవుడి పాట పాడితే ఎలా ఉంటుందో అలా ఉంది. యాంప్లిఫయరు మోయగలిగినదానికన్నా ఎక్కువ శబ్దాన్ని దానిలోకి తోస్తే అది భరించలేక బొంగురుపోతుంది. పెళ్లిలో అలా జరిగితే మైకు అతన్ని తిడతారు. రాక్ వాళ్లకు అదే కావాలి. దానికి తోడు స్పీకరు మీద ఏదో ఒకటి గిరగిరా తిరగాలి. అప్పుడు స్వరం అలలా ఊగుతుంది.

మా పూర్వులు పన్నెండు గ్రామాలు ఏలారు. నా వాటాకు వచ్చినవి ఇంటిపేరు, నిటారుగా కూర్చునే అలవాటు, నాన్నగారు లండన్ నుంచి ఆర్గన్ తెప్పించారన్న కథ. పిల్లలకు కీబోర్డు నేర్పి బతుకుతున్నాను. ఎంత ప్రయత్నించినా ఆ శబ్దం నా వేళ్లకు రాలేదు. వచ్చినా, ఇదే అని చెప్పేవారు లేరు. రికార్డు లేదు, టేపు లేదు. బృందంలో మిగిలింది డ్రమ్ములు వాయించిన రాంచందర్ గారొక్కరే. ఆయన ఫోన్ చేశారు.

"బిడ్డా, నా చెవులు పోతున్నయి. ఎడమది పోనే పోయింది. కుడి దాంట్ల మోటు శబ్దాలు ఇనొస్తయి, సన్నయి ఇనరావు. దసరా దాటితె గవి గూడ డౌటే అన్నడు డాక్టరు. నీకు గా సౌండు గావాల్నంటే జల్దీ రా."

వస్తున్నానని నేను చెప్పేలోపే పెట్టేశారు. చెప్పినా ఆయనకు వినిపించేది కాదు.

మచ్చ బొల్లారంలో పులి ఫొటో

కాలనీలో మూడో సందు, కింది పోర్షను. రాంచందర్ గారు గేటు దగ్గరే నిలబడి ఉన్నారు. ఎనభైకి దగ్గర పడిన మనిషి. బృందం చెదిరాక జీడిమెట్లలో ఒక ఫ్యాక్టరీలో చేరి, అక్కడే రిటైరయ్యారు.

"నమస్కారం బాబాయి గారూ."

"ఏందీ?"

"నమస్కారం!"

"అరె, గట్టిగ అను బిడ్డా. నమస్కారం గూడ చెవుల చెప్తవా?"

మా ఇంట్లో మెల్లగా మాట్లాడటమే పెద్దరికం. ఆ వీధిలో మూడోసారి నమస్కారం అని నేను పెట్టిన కేకకు పక్కింటివాళ్లు ఇద్దరు తిరిగి నమస్కారం చేశారు.

ఇరానీ చాయ్ ఫ్లాస్కులో తెప్పించి ఉంచారు. మా వైపు టీలో అల్లం దంచి వేస్తాం. ఇక్కడ పాలను గంటలకొద్దీ మరిగించి, తాగేదో తినేదో తెలియనంత చిక్కగా చేస్తారు. అందులో బిస్కెట్టు ముంచి నా చేతికిచ్చారు. ఒకరు ముంచిన బిస్కెట్టు నేను తినడం అదే మొదలు. బాగుంది.

వెంట తెచ్చుకున్న కీబోర్డు తీసి, అందులో పాత ఆర్గన్‌ను అనుకరించే స్వరం ఒకటి ఉంటే అది పెట్టి, ఇంట్లో ఉన్న చిన్న స్పీకరుకు కలిపి వాయించాను. ఆయన స్పీకరుకు చెవి ఆనించి విన్నారు.

"పులి ఫొటో చూపెడుతున్నవు బిడ్డా," అన్నారు.

"నాన్నగారి లండన్ ఆర్గన్‌కూ దీనికీ తేడా ఉండదూ?" అని అరిచాను.

"లండనా? ఎక్కడి లండన్? ఆర్గన్ క్లబ్బుది. మీ నాయినది ఒక్క చొక్కానే. షో ఉన్ననాడు గా చొక్కా గూడ నాదే."

నా వెన్ను కాస్త వంగిందేమో, ఆయన వీపు మీద ఒకటి చరిచారు.

"బాధపడకు. లండన్ది గాదు గనుకనే గట్ల మోగింది. యాంప్లిఫయరు కొనెటందుకు ఎవని దగ్గర పైసల్లేవు. మేడ్చల్ నుంచి మైకుసెట్టు కిరాయికి తెస్తుంటిమి, పాత వాల్వులది. మీ నాయిన టేబుల్ ఫ్యాను ఇప్పి, దానికి రేకు డబ్బా కట్టి స్పీకరు మీద తిప్పిండు. సెట్టు లబలబ మొత్తుకుంటుండె. గదే పాట!"

ఆ పూట నాకు కోపం రావలసింది. ఎగిరి గంతేయాలనిపించింది. లండన్ అయితే నేను చేయగలిగింది లేదు. మేడ్చల్ అయితే బస్సుంది.

మేడ్చల్‌లో పెద్దాయన

మైకుసెట్టు దుకాణం వెతకనవసరం లేదు, మెయిన్ రోడ్డు నుంచే బూరలు కనిపిస్తాయి. ముందు వరసలో కొత్త రకం సెట్లు, రంగు లైట్లు. దుకాణం యజమాని నర్సింహులు గారికి అరవై దాటాయి. వాల్వు సెట్టు అనగానే ఆయన నన్ను తలనుంచి చెప్పుల దాకా చూశారు.

"ఇంక గది అడిగేటోళ్లు ఉన్నరా సారూ? కూసోండ్రి."

లోపలి గదిలో, దుప్పటి కింద, ఇనుప పెట్టె. దాన్ని ఆయన పెద్దాయన అంటారు. స్విచ్చి వేసేముందు అగరొత్తి వెలిగించి చుట్టూ తిప్పి, కళ్లకద్దుకున్నారు. మూడు నిమిషాలు ఎవరూ మాట్లాడకూడదు. లోపల పాత రేడియోల్లో ఉండేలాంటి గాజు వాల్వులు ఒక్కొక్కటే నారింజ రంగుకు తిరిగాయి. ఆ మూడు నిమిషాల్లో ఆయన భార్య సర్వపిండి తెచ్చిపెట్టారు. మా వైపు దిబ్బరొట్టెకు ఇది దగ్గరి బంధువు, కానీ దీని మీద వేలితో గుంటలు పెట్టి నూనె పోస్తారు. కరకరలాడే ఆ గుంటల కోసమే రెండోది తిన్నాను.

చెవులు పోతున్న రాంచందర్ గారి సంగతి, నాక్కావలసిన బొంగురు సంగతి చెప్పాను. మైకువాళ్లు ఆ బొంగురును సెట్టు పగలడం అంటారు. ఆయన ముఖం మారింది.

"అంటే సెట్టు పలగాల్నా?"

"పగలాలి. కాస్త కాదు, బాగా."

"నలభై ఏండ్లు. ఒక్క పెండ్లిల, ఒక్క బోనాలల్ల నా సెట్టు పలిగిందని ఎవడన్న అనమనుండ్రి. గిటు చూడుండ్రి."

వాల్యూమ్ నాబు పక్కన పెట్టె మీద తెల్ల రంగు చుక్క ఉంది. నాబు ఆ చుక్క దాటదు. పైగా ఈ పనిలో ఒక నియమం ఉంది. సెట్టు ఎవరు కిరాయికి తీసుకున్నా నాబు మాత్రం మైకాయనదే. పెళ్లికొడుకు తండ్రి అయినా, ఎమ్మెల్యే అయినా దాన్ని ముట్టరు. ప్రోగ్రాం అయ్యేదాకా మైకాయన దాని మీద చేయి వేసుకుని కూర్చుంటాడు.

"ఐతారం శామీర్‌పేటల ఫంక్షనుంది. వచ్చి పెద్దాయన ఎట్ల మాట్లాడ్తడో ఇనుండ్రి. గప్పుడు గూడ పలగ్గొట్టాల్ననిపిస్తె చూద్దం," అన్నారు.

సూరారంలో హెలికాప్టరు

మర్నాడు, నాన్నగారి ఫ్యానుకు బదులు, స్పీకరు మీద తిరిగే యంత్రం పని. ఫ్యాక్టరీ కార్మికుల పేట కాబట్టి సూరారంలో ఏది చెడినా బాగుచేసే కొట్టు ఉంటుంది. మోటారు వైండింగు షాపు నడిపేది లక్ష్మి అనే ఆవిడ. నేను వెళ్లేసరికి నీళ్ల మోటారుకు రాగి తీగ చుడుతోంది. పలకరించబోయాను. కళ్లెత్తకుండా ఒక వేలు పైకెత్తి చూపించింది. చుట్లు లెక్కపెట్టేటప్పుడు మాట్లాడిస్తే లెక్క తప్పుతుంది, మొత్తం విప్పాలి. పది నిమిషాలు గుమ్మంలో నిలబడ్డాను. మా తాతగారి గుమ్మంలో జనం ఇలాగే నిలబడేవారట. ఆవిడ తీగ తుంచి, సుద్దముక్కతో గోడ మీద అంకె వేసి, "ఇగ చెప్పు అన్నా," అంది.

చెప్పాను. పైకి చూసే స్పీకరు, దాని మీద బోర్లించిన బకెట్టు, బకెట్టుకు ఒక పక్క కిటికీ. బకెట్టు తిరిగితే శబ్దం కిటికీలోంచి గుండ్రంగా తిరుగుతూ రావాలి. మెల్లగా తిరగాలి, కావాలన్నప్పుడు జోరు అందుకోవాలి.

"గంతేనా? కుట్టుమిషను మోటారు పెడ్దం. కాలుతోని తొక్కితె ఉరుకుతది, ఇడిస్తె నడుస్తది."

ఇంత చదువుకున్న నాకు కుట్టుమిషను తట్టనే లేదు! తన కొట్లోని పాత స్పీకరునూ నేను కొన్న పెయింటు బకెట్టునూ కొలిచి, చెక్క కోసి పెట్టె చేసి, మధ్యాహ్నానికి బిగించేసింది. పెడల్ నన్నే తొక్కమంది. గౌరవంగా, నిండుగా తొక్కాను. బకెట్టు ఒకసారి ఊగి, బేరింగులోంచి లేచి, రోడ్డు దాటి మిర్చి బజ్జీల బండి పక్కన దిగింది.

"లచ్చక్కా! నీ హెలికాప్టరు దిగింది!" అని బజ్జీలతను కేకేశాడు. "పైలట్ ఏడి?"

"గీడనే ఉన్నడు, బిగుసుకపోయి నిలబడ్డడు!"

నాకు నవ్వు ఆగలేదు. ఎన్నాళ్లకో అలా నవ్వాను, గోడ పట్టుకుని. కిటికీ కోసిన వైపు బకెట్టు తేలికైంది, అందుకే ఎగిరిందట. లక్ష్మి ఆ వైపు ఒక ఇనుప నట్టు అంటించింది. ఈసారి తన ఫోన్లో పాట పెట్టి స్పీకరుకు కలిపింది. పాట అలలు అలలుగా ఊగింది. చుట్టని మోటార్లు నాలుగు క్యూలో ఉన్నా పాట మొత్తం విని, ఇంకొకటి పెట్టింది. ఆవిడ తీసుకున్న కూలికి మా ఊళ్లో బకెట్టుకు రంగు కూడా వేయరు.

శామీర్‌పేటలో ఒక తప్పు

ఆదివారం ట్రాలీ ఆటోలో బయల్దేరాం. పెద్దాయనకు కుదుపు తగలకూడదని నా ఒళ్లో పెట్టారు నర్సింహులు గారు. చెరువు దాటి, ఊరి చివర చేపలు పట్టే కుటుంబాల ఇళ్ల మధ్య టెంటు వేసి ఉంది. ఆడపిల్లకు తొట్టెల, అంటే ఉయ్యాలలో వేసి పేరు పెట్టే వేడుక.

దిగగానే ఒకాయన, "ఏ మైకు తమ్మీ, గా తీగె జర అటు గుంజు," అన్నాడు. చుట్టూ చూశాను. నన్నే. యాభై ఆరేళ్లకు తమ్ముణ్ణయ్యాను. తీగ గుంజాను.

అక్కడి కొర్రమీను వేపుడు, జొన్నరొట్టె గురించి నిజం చెప్పాలంటే నాకు ఇబ్బందిగా ఉంది. గోదావరి పులస ముందు ఏ చేపా నిలవదని నమ్మే ఇంట్లో పుట్టాను. ఇప్పటికీ అదే అంటాను. నాలుగు ముక్కలు తిన్నాక అంటున్నాను.

మేనత్త పిల్ల చెవిలో పేరు చెప్పాక, తాత ఆ పేరును మైకులో అందరికీ చెప్పాలి. సరిగ్గా దానికి ముందు బూర కట్టిన గుంజ దగ్గర తీగ ఊడింది. నర్సింహులు గారు లేచి అటు వెళ్లారు. వెళ్తూ నావైపు చూసి, "ముట్టకుండ్రి," అన్నారు.

ముట్టాను. రెండు వేళ్లతో, బియ్యపు గింజంత. ఏమీ కాలేదు. ఇంకో గింజంత. చుక్క దాటింది. అప్పుడే తీగ కలిసింది, తాత నోరు తెరిచారు.

"మా మనుమరాలి పేరు... సహస్రా!"

సహస్ర అన్న మాట గర్జనలా చెరువు మీదుగా వెళ్లి వచ్చింది. ఉయ్యాలలో పిల్ల గుక్కపట్టింది. కొంగలు లేచాయి. నేను కూడా లేచాను, రెండు చేతులూ ఎత్తి. అదే! యాభై ఏళ్లుగా వెతుకుతున్న బొంగురు, ఒక చేపలు పట్టే ముసలాయన గొంతులో!

చేతులు దించాక నర్సింహులు గారు కనిపించారు. గుంజ పక్కన తల దించుకుని నిలబడ్డారు. "మైకోడు తాగిండా ఏంది?" అన్నారెవరో. ఆయన తీగ ముడి ఇంకోసారి బిగించారు. వచ్చి నాబు చుక్క దగ్గరికి తిప్పి కూర్చున్నారు. నావైపు చూడలేదు.

మా వంశంలో తప్పు ఒప్పుకున్నవాళ్లు లేరు. దావాలు వేశారు, ఓడిపోయారు, పొలాలు పోగొట్టుకున్నారు, అంతేగాని ఒప్పుకోలేదు. నాకు అది ఎలా మొదలుపెట్టాలో కూడా తెలియదు. తాత దగ్గరికి నడిచి మైకు అడిగి తీసుకున్నాను. పేరు, ఊరు చెప్పి, "తప్పు నాది. మైకాయనది కాదు. ఆయన వద్దన్నా నాబు నేను తిప్పాను. క్షమించండి," అన్నాను.

పెద్దాయన ఆ మాటల్ని ఒక్క పొల్లు పోకుండా, అద్దంలా, అవతలి గట్టుదాకా వినిపించాడు.

పిల్ల నాయనమ్మ అంది, "పోనీ తియ్యి. పులి లెక్క వచ్చింది నా మనుమరాలు. గాయినకు ఇంకో రెండు ముక్కలు పెట్టుండ్రి."

తిరుగు ప్రయాణంలో నర్సింహులు గారే మాట కలిపారు. "సెట్టు పలిగితె అందరు మైకోన్నే తిడ్తరు సారూ. నాదే తప్పని మైకుల చెప్పిన మనిషిని చూడలే." చెరువు దాటాక, "గా చెవులు పోతున్న పెద్దమనిషి ఇల్లెక్కడ? నాది గూడ ఈ ఎడమది పోయింది, బూర పక్కన కూసోని కూసోని. రేపు పొద్దుగాల వస్త. గాని నాబు నేనే తిప్పుత."

మళ్లీ మచ్చ బొల్లారం

చెప్పిన వేళకు ముందే వచ్చారు, తెల్ల చొక్కా ఇస్త్రీ చేసుకుని. వరండాలో స్పీకరు, దాని మీద బకెట్టు, పక్కన కీబోర్డు, నా కాలి కింద కుట్టుమిషను పెడల్. అగరొత్తి వెలిగింది. మూడు నిమిషాలు గడిచాయి. రాంచందర్ గారు కుర్చీ లాక్కుని కుడి చెవి, కుడి అరచేయి చెక్కపెట్టెకు ఆనించారు. మీట నొక్కాను.

నెయ్యి పోసినట్టు వచ్చింది స్వరం. మెత్తగా, నున్నగా.

"మంచిగుంది బిడ్డా," అన్నారాయన మర్యాదగా. "గాని గిది గాదు."

నర్సింహులు గారు మాత్రం వెలిగిపోతున్నారు. "మంచిగుండదా మరి! పొద్దుగాల కొత్త వాల్వు ఏసిన సారూ. ఇరవై ఏండ్లసంది దాసిపెట్టిన. మీరు నిన్న నా ఇజ్జత్ నిలబెట్టిన్రు గద, మీకోసం పెద్దాయనను కొత్తగ జేసిన."

ఇంత ప్రేమగా ఎవరూ నా పని చెడగొట్టలేదు. ఇచ్చిన కానుకను తీసేయమని ఎలా అడుగుతారు? రాంచందర్ గారు పెట్టెకు చెవి ఆనించుకునే ఉన్నారు, ఓపిగ్గా, దసరాకు ఇంకా రోజులున్నట్టు. అడిగాను.

"నర్సింహులు గారూ, పాతది ఉందా?"

"పట్టుచీర పెడితె పాత చీర అడిగినట్టుంది సారూ."

కానీ లేచారు. చొక్కా జేబులోంచి గుడ్డలో చుట్టిన పాత వాల్వు బయటికి వచ్చింది. పారేయడానికి ఆయనకూ మనసొప్పలేదు. చల్లారనిచ్చి మార్చారు. మళ్లీ అగరొత్తి, మళ్లీ మూడు నిమిషాలు. ఆయన చేయి నాబు మీద పడింది, చుక్క దాకా పోయి ఆగింది.

"ఇంక!" అన్నారు రాంచందర్ గారు.

చేయి కదలలేదు. నలభై ఏళ్ల అలవాటు అక్కడ తాళం వేసి ఉంది.

"అరె, ఇంక తిప్పు భాయ్!"

నర్సింహులు గారు ముఖం గేటు వైపు తిప్పుకున్నారు. కళ్లు మూసుకున్నారు. తిప్పారు.

నేను రెండు చేతులా వాయించాను. పెద్దాయన మూలిగాడు, గీరాడు, ఆ తరవాత గొంతు చించుకున్నాడు. వరండా ఊచలు మోగాయి. పెడల్ తొక్కితే బకెట్టు ఉరికింది, శబ్దం సందులోకి సుడి తిరుగుతూ పోయింది. ధాన్యం మిల్లు. లోపల దేవుడి పాట. నిటారుగా కూర్చోవడం మరిచిపోయాను, కీబోర్డు మీద పడిపోయి వాయిస్తున్నాను. రాంచందర్ గారి వేళ్లు పెట్టె మీద లయ వేస్తున్నాయి, కానీ ముఖంలో ఇంకా ఏమీ తెలియడం లేదు.

ఎదురింటి మేడ మీద తడిబట్టలు ఆరేస్తున్న ఆవిడ పిట్టగోడ మీంచి వంగింది.

"ఏందది! ఎవరి గ్రైండర్ల రాళ్లు పడ్డయి? ఆపుండ్రి, పొయ్యి మీద పాలు ఇరుగుతయి!"

"ఏమంటాంది?" అన్నారు రాంచందర్ గారు.

వాయిస్తూనే ఆయన చెవిలో అరిచాను, ఆ సందంతా వినేలా. "మన గ్రైండర్‌లో రాళ్లు పడ్డాయా అంటున్నారు! పాలు విరుగుతాయట!"

ఆయన ముఖం విచ్చుకుంది. నవ్వు ముందు భుజాల్లోకి, తరవాత పొట్టలోకి దిగింది. పెట్టెను రెండు చేతులతో కావలించుకున్నారు.

"గదే! గదే బిడ్డా! క్లబ్బుల మొదటిరోజు వంటాయన ఉరికొచ్చిండు, బాయిలరు పలిగిందని! మీ నాయినను గరిటె పట్టుకోని తిట్టిండు!"

నర్సింహులు గారు కళ్లు తెరిచి, తన చేతిని తానే చూసుకుంటున్నారు. పైనుంచి ఆవిడ రెండో విడత అందుకుంది. ఇంత గోల చేసినందుకు ఆవిడకు క్షమాపణ చెప్పుకుందామని నేను మీటల మీంచి చేతులు తీయబోయాను. రాంచందర్ గారు నా మణికట్టు పట్టుకుని మళ్లీ మీటల మీద పెట్టారు.

"ఆపకు బిడ్డా," అన్నారు. "ఆమె ఇంకా సక్కగ తిట్టలె."